నీళ్లు లేని గది

"కాళ్లు ముంచి లోపలికి రా పాపా."

కీర్తన గడప దగ్గరే ఆగిపోయింది. అమ్మ పడుకున్న గది ముందు వెడల్పాటి ప్లాస్టిక్ ట్రే, దాన్నిండా బ్లీచింగ్ నీళ్లు. గడపకు అడ్డంగా తెల్లగా సున్నం పరిచి ఉంది. పట్టుపురుగుల షెడ్డు ముందర చిన్నప్పటి నుంచీ చూసిన ఏర్పాటే. అయితే ఇది షెడ్డు కాదు, ఇంట్లో నడిమి గది.

"ఇదేంది నాయనా?"

"ముందు ముంచు. ధర్మవరం నుంచి రైల్లో అంతమందిలో పడి వచ్చినావు. ఏం అంటించుకోనొచ్చినావో ఎవురికి తెలుసు?"

చెన్నకేశవులు కోపంగా అనలేదు. ఆకు కోసే కూలివాళ్లకు పొద్దున్నే చెప్పినంత మామూలుగా అన్నాడు. ఆ మామూలుతనమే కీర్తనను భయపెట్టింది.

కాళ్లు ముంచింది. గడప దాటగానే సెగ కొట్టింది. గదికి రెండు మూలలా బొగ్గుల కుంపట్లు. కిటికీలు బార్లా తెరిచే ఉన్నాయి. బయట వదలకుండా పట్టిన అక్టోబరు ముసురు, లోపల నడి ఎండాకాలం. సావిత్రమ్మ వెల్లకిలా పడుకోలేక దిండ్లకు ఆనుకుని కూర్చుంది. మంచం మీద ముందు నీళ్లు పట్టి ఉబ్బిన కడుపే కనబడుతోంది. ముఖం ఇంతయిపోయింది. పెదాలు పగిలి, పగుళ్లలో నెత్తురు ఎండి ఉంది.

"అమ్మా!"

"వస్తివా," అంది సావిత్రమ్మ. నాలుక అంగిట్లో అతుక్కుని మాట సగమే వచ్చింది.

"పొద్దున ఏం తింటివి?"

"రొట్టె."

"దాంట్లోకి?"

"శెనిక్కాయల పొడి."

"మజ్జిగ?"

సావిత్రమ్మ కళ్లు మూసుకుంది. తలాపున ఎప్పుడూ మూతపెట్టి ఉండే చెంబు కోసం చూసింది కీర్తన. చెంబు లేదు. కిటికీలో గ్లాసూ లేదు. గదంతా వెతికినా తాగడానికి ఒక్క చుక్క నీళ్లు లేవు.

"అమ్మకు నీళ్లేవీ?" అని అరిచింది.

గడప అవతల నుంచి జవాబు వచ్చింది. "నేనే ఆపినా. తడి తగ్గల్ల."

చెన్నకేశవుల్ని తెలివితక్కువ మనిషి అనుకుంటే పొరపాటే. పరిగి చుట్టుపక్కల పురుగులు పెంచేవాళ్లలో ఆయన మాటంటే మాటే. ముసురు పట్టి ఊళ్లో సగం షెడ్లలో పురుగు మెత్తబడి చచ్చిపోతుంటే ఈయన షెడ్డులో మాత్రం పట్టుగూళ్లు గట్టిగా, తెల్లగా దిగేవి. తడి ఆకు వేయడు, సున్నం చల్లుతాడు, కుంపటి పెడతాడు, గాలి ఆడనిస్తాడు, పరాయి కాలు గడప తొక్కనివ్వడు. హిందూపురం గూళ్ల మార్కెట్లో ఆయన సరుకు దిగిందంటే దారం తీసేవాళ్లు చుట్టూ మూగేవారు. ఆ చేతులతోనే ఇప్పుడు పెళ్లాన్ని కాపాడుకుంటున్నాడు. ప్రేమ లేక కాదు. ప్రేమా భయమూ రెండూ కలిసి తలకెక్కితే మనిషి ఇట్లాంటి పనులే చేస్తాడు.

కీర్తన వసారాలోకి వచ్చి పడింది.

"సోమవారం బెంగుళూరు ఆసుపత్రికి పోయొచ్చినామని ఫోన్లో చెప్తివే?"

"చెప్తి."

"పోయినారా?"

"పోలేదు."

"నాతో అబద్ధం చెప్తివా నాయనా?"

"నిజం చెప్తే ఆ పొద్దే రైలెక్కి వచ్చి నా ప్రాణం తోడేస్తావని చెప్పలేదు."

తమ్ముడు శ్రీకాంత్ గోడకు ఆనుకుని గోళ్లు చూసుకుంటున్నాడు. నిన్న ఫోన్ చేసి, "ఒకసారి వచ్చిపో అక్కా," అని, ఎందుకురా అని అడిగేలోపల పెట్టేసింది వీడే. ఆ ముక్క కోసమే ఆమె అత్తవారింట్లో మగ్గం మీద చీర సగంలో వదిలేసి బయలుదేరింది. పెనుకొండలో రైలును క్రాసింగ్ కోసం ఆపేస్తే దిగి ఇంజను దాకా నడిచి, ఎప్పుడు కదులుతుందని డ్రైవరును అడిగి తిట్లు తింది. తీరా వస్తే పిలిచినవాడికి నోరు లేదు.

"నీకన్నా తెలీదేంరా? డిగ్రీ చదివినావు గదా!"

"నాయన చెప్పినాక నేనేం చెప్పేది అక్కా," అన్నాడు శ్రీకాంత్ తలెత్తకుండా. "డాక్టరమ్మ చెప్పినట్లే చేస్తాండాడు. ఆ పొద్దు నేనూ ఆన్నే ఉంటి."

"అమ్మకు నీళ్లియ్యద్దని చెప్పిందా డాక్టరమ్మ?"

"నేను చెప్తా ఉండు," అన్నాడు చెన్నకేశవులు. కూతురికి ఎదురుగా గొంతుకూర్చున్నాడు. ఆయన గొంతులో తొణుకూ బెణుకూ లేదు. "మీయమ్మకు గడ్డ అండాశయంలో పుట్టినాది. ఇప్పుడు కడుపంతా చల్లుకోనుండాది. ఆ నీళ్లు దాని వల్లనే ఊరతాండాయి. ఇంతవరకూ నీకూ తెలుసు. తెలీంది ఏమంటే, ఆ నీళ్లల్లో మీయమ్మ సొంత కాపలా కణాలు కోట్లు ఉండాయంట. రోగాన్ని పట్టి తినేసే కణాలు! ఉండీ ఏం లాభం, గడ్డ వాటిని పని చెయ్యనీదంట. పడుకోబెట్టేసినాదంట. మేము పురుగులు పెంచుతామని చెప్తే డాక్టరమ్మ ఏమనిందో తెలుసా? 'మీ షెడ్డులో గాలి చెడిపోతే పురుగు పక్కనే ఆకున్నా ముట్టదు కదా, అట్లాగే' అనింది."

"అనింది. అయితే?"

"అయితే ఏంది? గాలి చెడిందని పురుగుల్ని తట్టతో సహా ఎత్తి పారబోస్తామా? పోయిన తూరి ఏం జేసిరి? కడుపుకు సూది గుచ్చి క్యాన్లకు క్యాన్లు నీళ్లు పట్టి పారబోసిరి. అవన్నీ ఎవురివి? మీయమ్మ కాపలావే గదా! ఆ పొద్దు మంచం దిగుతానే కండ్లు తేలేసె. నా చేతుల్లో పడె. చెయ్యి ముట్టుకుంటే ఐసు గడ్డ. నువ్వు లేవు ఆడ. నేనుంటి."

అరచేతులు ఒకసారి చూసుకున్నాడు.

"ఇంగోసారి పారబోయనియ్యను. తడి తగ్గిస్తా. గాలి బాగుచేస్తా. వాటికవే లేస్తాయి. ఎన్ని పంటలు లేపలేదు నేను?"

తండ్రి లెక్క తప్పని ఒళ్లంతా చెబుతోంది గానీ ఆ తప్పు ఎక్కడుందో చూపించమంటే కీర్తనకు చేతకాదు. ఎదుటి మనిషి పిచ్చిగా మాట్లాడితే భయపడి పారిపోవచ్చు. ఇంత నెమ్మదిగా, ఇంత పద్ధతిగా మాట్లాడుతుంటే ఎక్కడికి పోవాలి?

వంటింట్లోకి పోయి గ్లాసు నిండా నీళ్లు ముంచుకుని వచ్చింది. శ్రీకాంత్ గడపకు అడ్డంగా నిలబడ్డాడు.

"అక్కా, నాయన..."

"తప్పుకోరా!"

తప్పుకున్నాడు. ఈసారి ఆమె కాళ్లు ముంచలేదు. సున్నం తొక్కుకుంటూ పోయి మంచం మీద కూర్చుని గ్లాసు తల్లి నోటి దగ్గర పెట్టింది.

సావిత్రమ్మ నీళ్లకేసి చూసింది. గుటక వేసింది. మింగడానికి నోట్లో ఏమీ లేదు. తర్వాత ముఖం గోడవైపు తిప్పుకుంది.

"మీ నాయనకు మాటిచ్చినా."

"మాట సంగతి తర్వాత చూసుకుందాం. ఒక్క గుక్క తాగమ్మా."

"వద్దు పాపా."

"ఒంటికి ఎప్పుడు పోతివి?"

"నిన్న."

"నిన్న ఎప్పుడు?"

"గుర్తు లేదు. రవ్వంత వచ్చింది."

తల్లి చేతిమీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది కీర్తన. పట్టినచోట పట్టినట్టే నిలబడింది. కడుపులో బిందెలకొద్దీ నీళ్లు, ఒంట్లో చుక్క లేదు. ఇదేం ఖర్మరా దేవుడా అనుకుంది.

"మీ నాయన్నేమీ అనొద్దు," అంది సావిత్రమ్మ గోడవైపు నుంచే. ఆ నాలుగు మాటలకే ఆయాసం వచ్చి భుజాలు ఎగిరెగిరి పడ్డాయి.

కీర్తన లేచి వసారాలోకి పోయి ఫోన్ ముందు కూర్చుంది.

"డాక్టరమ్మకు చేస్తాండా."

"చెయ్యి," అన్నాడు చెన్నకేశవులు. "నేనూ మాట్లాడతా. నేనేమన్నా దొంగతనం చేసినానా?"

నంబరు దొరకడానికి చాలాసేపే పట్టింది. రిసీవరును తన చెవికీ తండ్రి చెవికీ మధ్య పట్టుకుంది. చిన్నతనం తర్వాత నాయనకు అంత దగ్గరగా కూర్చోవడం అదే. ఆయన ఒంటి నుంచి మల్బరీ ఆకు వాసనా బ్లీచింగ్ వాసనా కలిసి వచ్చాయి.

డాక్టరమ్మది కోలారు వైపు. తెలుగు బాగానే మాట్లాడుతుంది. "సోమవారం రాలేదేం చెన్నకేశవులుగారూ?" అని మొదలుపెట్టింది. ఆయన చెప్పాడు. ఏదీ దాచలేదు. కుంపట్లు, సున్నం, పొడి తిండి, అన్నీ చెప్పాడు. బాగా చేశారని అంటుందేమోనన్న ఆశ కూడా ఆ గొంతులో ఉంది. అది విని కీర్తనకు ఏడుపొచ్చింది.

డాక్టరమ్మ మధ్యలోనే అందుకుంది.

"నీళ్లు తాగడం మాన్పించారా?"

"అవునమ్మా. తడి..."

"మూత్రం?"

ఆయన కూతురికేసి చూశాడు. "నిన్న కొంచెం వచ్చిందంట," అంది కీర్తన.

"అయ్యో!" అందామె. డాక్టరు నోట ఆ మాట వినకూడదు. ఏ మందు పేరూ అంత భయపెట్టదు. "చూడండి, తప్పు నాది కూడా. పోలిక తెచ్చి సగంలో వదిలేశాను. కాపలా కణాలు మీ పురుగులైతే, మరి ఆ కడుపులో నీళ్లేంటి? అవి పురుగులు కావు. ఆ నీళ్లే చెడిన గాలి."

చెన్నకేశవులు రిసీవరును చెవికి ఇంకా దగ్గరగా లాక్కున్నాడు.

"గడ్డ తన చుట్టూ తనకు పనికొచ్చేట్టు ఒక వాతావరణం తయారుచేసుకుంటుంది. కాపలా కణాలు గడ్డ దాకా రాకపోవడం కాదు. వస్తాయి. వచ్చి ఆ నీళ్లల్లో మత్తెక్కి కూర్చుంటాయి. వాటికి అందాల్సిన తిండి గడ్డే లాక్కుంటుంది. వాటిలో కొన్ని గడ్డ పక్షానికి తిరిగిపోతాయి కూడా. కొట్లాడేవాటి నోరు మూయిస్తాయి. గడ్డకు రక్తం అందేట్టు కొత్త నాళాలు వేసిపెట్టేవీ ఉంటాయి."

"అవీ... మా సావిత్రివేనా?"

"ఆవిడవే. సొంతవే. అందుకే ఈ జబ్బుతో ఇంత కష్టం."

"అయితే నీళ్లు తీస్తే కాపలా పోదా?"

"పోదు. ఎముకల్లో రోజూ కొత్తవి పుడుతూనే ఉంటాయి. ఆ రోజు ఆవిడ పడిపోయింది నీళ్లు తొందరగా దిగి బీపీ తగ్గడం వల్ల. ఈసారి సెలైన్ పెట్టి మెల్లగా తీస్తాం. మీరు ఆవిడకు తాగే నీళ్లు ఆపితే కడుపులోవి తగ్గవు, నెత్తురులోవి తగ్గిపోతాయి. కిడ్నీలు ఆగిపోతాయి."

"వాటిని లేపే మందు లేదామ్మా?" అని అడిగాడు చెన్నకేశవులు. పిల్లవాడు అడిగినట్టు అడిగాడు.

"ఇంకా లేదండీ. ఎక్కడెక్కడో వెతుకుతున్నారు. ఇవాళ నా చేతిలో ఉన్నది ఇంజక్షన్లు, ఆపరేషను. ఇంజక్షన్లతో గడ్డను కుదించి, తీయగలిగినంత తీసేయాలి. పూర్తిగా నయమైపోతుందని నేను మాటివ్వలేను. కానీ ఇట్లా వదిలేస్తే... వెంటనే బయలుదేరండి. ముందు హిందూపురంలోనే సెలైన్ ఎక్కించండి. తాగగలిగితే ఇప్పుడే కొద్దికొద్దిగా నీళ్లు పట్టండి. ఆలస్యం చేయకండి."

కీర్తన ఫోన్ పెట్టేసింది. శ్రీకాంత్ మొట్టమొదటిసారి తలెత్తి తండ్రిని చూశాడు.

"నేనే ఎండబెట్టినానా పాపా?" అన్నాడు చెన్నకేశవులు.

అవును అనే మాట కీర్తన నోటిదాకా వచ్చింది. ఇందాకటి కోపమంతా ఆ ఒక్క మాటలో కక్కేయాలనిపించింది. ఆయన ముఖం చూశాక కక్కలేకపోయింది.

"ముస్తాక్ ను పిలిపించు నాయనా. వ్యాను కావల్ల."

ఆ మాటతో ఆయనకు ప్రాణం వచ్చింది. "శ్రీకాంతూ, పరిగెత్తు!" అని కేకేసి, చెంబుడు నీళ్లు తెచ్చి కుంపట్ల మీద కుమ్మరించాడు. గదంతా బుస్సుమని పొగ. ట్రేను కాలితో తన్నేశాడు. బ్లీచింగ్ నీళ్లు నట్టిల్లంతా పారాయి. పురుగులు ఆఖరి దశలో ఉన్నాయి, షెడ్డులో ఆకు వేసే వేళ దాటిపోయింది, ఆయనకు అది గుర్తు కూడా లేదు.

ముస్తాక్ ప్రతి పంటకూ వీళ్ల గూళ్లు మార్కెట్టుకు తోలేవాడు. పిలిచిందే తడవుగా వచ్చి వీధిలో వ్యాను ఆపాడు. "మామా, వెనక సీట్లు తీసేసి పరుపు ఏసినా. అత్తను ఎత్తుకోని రాండి," అని బయట నుంచే అరిచాడు.

చెన్నకేశవులు గ్లాసు పట్టుకుని మంచం పక్కన నేలమీద కూర్చున్నాడు.

"తాగు సావిత్రీ. నాది తప్పయిపోయింది. డాక్టరమ్మ చెప్పింది ఒకటి, నేను అర్థం చేసుకునింది ఒకటి. ఆ నీళ్లే చెడిన గాలంట. నేను పురుగులనుకొంటి."

సావిత్రమ్మ గోడవైపు నుంచి ముఖం తిప్పింది. భర్తను చాలాసేపు చూసింది.

"నాకు తెలుసు," అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు చేసేది తప్పని. మొదటి పొద్దే తెలుసు. ఆయమ్మ చెప్పేటప్పుడు నేనూ ఆన్నే ఉంటి గదా. పురుగుల్ని పెంచింది నువ్వొక్కడివేనా?"

కీర్తనకు తాను సరిగ్గా విన్నానో లేదో అర్థం కాలేదు. "తెలిసీ... తెలిసీ యాల నీళ్లు మానేస్తివమ్మా?"

సావిత్రమ్మ ఊపిరి కూడదీసుకోవడానికి ఆగింది. మాటకూ మాటకూ మధ్య ఆగి ఆగి చెప్పింది.

"ఆ ఇంజక్షను ఎక్కితే ఒళ్లంతా మంట. అరికాళ్ల దాకా మంట. జుట్టంతా ఊడె, నోరు పుండాయె. మళ్లా కడుపు కోస్తారంట. మళ్లా ఇంజక్షన్లంట. నావల్ల కాదు పాపా. నేను రానంటే ఈ ఇంట్లో ఎవురింటారు? మీ నాయన వద్దంటే అందరూ వినిరి. నువ్వు తప్ప. అందుకే ఆయప్ప మాట వెనకాల దాక్కుంటి."

"సచ్చిపోతావే!" అన్నాడు చెన్నకేశవులు. ఇన్ని నెలలుగా ఆ ఇంట్లో ఎవరూ పలకని మాట అది. పలికి, తనే అదిరిపడ్డాడు. గ్లాసులో నీళ్లు ఒలికి పక్కబట్ట మీద పడ్డాయి.

"తెలుసు. నాకు భయం లేదనుకుంటావా?" సావిత్రమ్మ కళ్లల్లో తడి లేదు, ఏడవడానికి కూడా ఒంట్లో నీళ్లు లేవు. "సచ్చేదానికీ భయమే. ఆడికి పోయేదానికీ భయమే. రెండిట్లో ఏది ఎక్కువో నాకే తెలీదు. తెలుసుకుందామంటే ఒక్కరన్నా నన్నడిగితిరా? పోదామంటే అందరూ పోదామనిరి. వద్దంటే అందరూ వద్దనిరి. ఇప్పుడు మళ్లా పోదామంటాండారు. ఏం సావిత్రమ్మా, నువ్వేమంటావు, అని ఒక్కరన్నా..."

ఆయాసం ముంచుకొచ్చి మాట ఆగిపోయింది.

"మామా! సెలైన్ పెట్టల్లంట గదా, ఇంగా యాల ఆలస్యం?" వీధిలో ముస్తాక్ హారన్ కొట్టాడు.

శ్రీకాంత్ గడప మీదే నిలబడిపోయాడు. తల్లిని ఎత్తుకుందామని చాచిన చేతులు అట్లాగే ఉన్నాయి. చెన్నకేశవులు గ్లాసు కూతురి చేతిలో పెట్టాడు.

"నువ్వడుగు పాపా. నాకు నోరు రాదు."

కీర్తన గ్లాసు పట్టుకుని తల్లి ఎదుట కూర్చుంది. ఏమాత్రం అడగకుండా, ఇద్దరు మగవాళ్లను పిలిచి ఎత్తించి వ్యానులో వేసుకుని పోవచ్చు. అమ్మకు అడ్డుపడే శక్తి లేదు. రేపు బతికి తిట్టినా పడొచ్చు. అడిగితే మాత్రం చెప్పిన మాట వినాలి. వద్దంటే? వద్దని అమ్మ తన నోటితో అంటే ఆ వ్యానును వెనక్కి పంపించే ధైర్యం తనకుందా?

మళ్లీ హారన్ మోగింది. సావిత్రమ్మ కూతురి కళ్లల్లోకి చూస్తూ ఎదురుచూసింది.

"అడగవే," అంది.